పది రోజుల్లో మట్టి పని నేర్చుకోవాలంటే ఎక్కడికి వెళ్ళాలి?

సువర్ణముఖి (తిరుపతి) · జనవరి 11

అందరికీ నమస్కారం. నేను తిరుపతిలో ఒక ప్రభుత్వ ఉన్నత పాఠశాలలో జీవశాస్త్రం చెబుతాను. రెండేళ్ళ క్రితం తిరుచానూరు దారిలో ఉన్న శిల్పారామానికి వెళ్ళినప్పుడు ఒక పెద్దాయన సారె, అంటే కుమ్మరి చక్రం, పెట్టుకుని పిల్లల చేత ప్రమిదలు చేయిస్తున్నారు. పిల్లల వరుస అయిపోయాక నేనూ కూర్చున్నాను. ముద్ద మీద చేతులు వేయగానే అది పిట్టలా కొట్టుకుంది. ఆయన తన చేతులు నా చేతుల మీద ఆనించి ఒక్కసారి నొక్కారు. కొట్టుకోవడం ఆగిపోయింది. సారె తిరుగుతూనే ఉంది, మట్టి మాత్రం నిద్రపోయినట్టు ఉంది. ఆయన చేతులు తీయగానే ముద్ద మళ్ళీ పక్కకు ఒరిగిపోయింది. ఆ ఒక్క క్షణం రెండేళ్ళుగా నన్ను వదలడం లేదు.

ఈ వేసవి సెలవుల్లో పది రోజులు దీనికే పెట్టాలని ఉంది. పిల్లలు పెద్దవాళ్ళయ్యారు. లక్షన్నర దాకా దాచుకున్నాను. వియత్నాం, జపాన్, నేపాల్, మన దేశంలో ఆండ్రెట్టా, పుదుచ్చేరి అంటూ సృజనాత్మక యాత్రల ప్రకటనలు రోజుకొకటి కనిపిస్తున్నాయి. వెళ్ళి నేర్చుకున్నవాళ్ళు ఉంటే చెప్పండి. ఫోటోల కోసం వెళ్ళడం లేదు. చేయి తిరగాలి. అంతే నా కోరిక.

అలిపిరి మెట్లు (తిరుపతి) · జనవరి 11

మేము నిరుడు వియత్నాం వెళ్ళి వచ్చాం కాబట్టి అక్కడి సంగతి చెబుతాను. మట్టి పనికి అక్కడ పేరున్న ఊళ్ళలో రెండు చూశాం. హనోయి నగరం పక్కన ఎర్ర నది ఒడ్డున బాట్ చాంగ్ ఉంది. అది పింగాణీ ఊరు. తెల్లటి గిన్నెల మీద నీలి రంగు చేపలు, తామరలు, ఎటు చూసినా దుకాణాలు. గంటకు ఇంత అని తీసుకుని సారె ముందు కూర్చోబెడతారు. రెండోది మధ్య వియత్నాంలో హోయ్ ఆన్ పట్టణానికి మూడు కిలోమీటర్ల దూరాన, థూ బోన్ నది పక్కన ఉన్న థాన్ హా. అయిదు వందల ఏళ్ళ నాటి ఊరని చెబుతారు. అక్కడి పని మన కుండల్లాంటిదే, గ్లేజు (గాజులా మెరిసే పూత) లేని ఎర్రమట్టి. ఊళ్ళోకి టికెట్టు ఉంటుంది, తిరిగి వచ్చేటప్పుడు జంతువు బొమ్మలా ఉన్న మట్టి ఈల ఒకటి చేతిలో పెడతారు.

నాకు నచ్చింది థాన్ హా. ఒకే సారె దగ్గర ఇద్దరు స్త్రీలు పని చేస్తారు. ఒకావిడ నిలబడి కాలితో సారెను తోస్తుంటే ఇంకొకావిడ కూర్చుని కుండ తీస్తుంది. నేను గంటసేపు కూర్చుంటే ఒక గిన్నె తయారైంది. అయితే ఆ గిన్నె చేసింది ఆవిడే, నా చేతులు దాని మీద ఉన్నాయి, అంతవరకే. మీరు చేయి తిరగాలంటున్నారు కాబట్టి ఒక గంట, ఒక పూట లెక్కన వెళ్ళవద్దు.

కాణిపాకం దారి (చిత్తూరు) · జనవరి 12

నా అనుభవం చేదుది. ఏడు రోజుల మట్టి యాత్ర అని ప్రకటన చూసి, తూర్పు ఆసియా దేశం ఒకదానికి ఒక సంస్థ ద్వారా వెళ్ళాను. పేరు చెప్పను. పద్దెనిమిది మందిమి, నాలుగు సారెలు. ఏడు రోజుల్లో నేను సారె ముందు కూర్చున్నది మొత్తం కలిపి అయిదు గంటలు. మిగతా సమయమంతా గుళ్ళు, బజార్లు, వంట పాఠం, పడవ విహారం. చేసిన వస్తువులు కాల్చి పంపిస్తామన్నారు. నాలుగు నెలలకు పెట్టె వచ్చింది, లోపల పెంకులు.

డబ్బు కట్టేముందు మూడు విషయాలు అడగండి. ఎంతమందికి ఒక సారె? రోజుకు ఎన్ని గంటలు? కాల్చడం కళ్ళారా చూస్తామా, లేక మనం బయలుదేరాక కాలుస్తారా? ఈ మూడింటికీ తిన్నగా జవాబు చెప్పనివాళ్ళ జోలికి వెళ్ళవద్దు.

నల్లకుండ (చిత్తూరు) · జనవరి 12

నేను ఆండ్రెట్టాలో మూడు నెలలు ఉండి నేర్చుకున్నాను. హిమాచల్‌లో కాంగ్రా లోయ, పాలంపూర్ దగ్గర. ఎదురుగా ధౌలాధార్ కొండల మీద మంచు. జపాన్‌లో నేర్చుకుని వచ్చి ఢిల్లీలో నీలి పింగాణీ పని నడిపిన గురుచరణ్ సింగ్, ఆయన కుమారుడు మన్సిమ్రన్ సింగ్ కలిసి 1983లో అక్కడ పని మొదలుపెట్టారు. అక్కడ చేసేది ఎర్రమట్టి పాత్రలు, వాటి మీద రంగుమట్టి పూతతో గీసిన గీతలు.

మొదటి వారం నేను ఒక్క వస్తువు కూడా దాచుకోలేదు. ఉదయం మట్టి పిసకడం, ముద్దలు చేయడం, సారె మీద ముద్దను మధ్యకు తేవడం, తీసేయడం, మళ్ళీ ఇంకో ముద్ద. చపాతీ పిండి కలిపినట్టు కాదు మట్టి పిసకడం. అరచేతి మడమతో ముందుకు తోసి, కొద్దిగా తిప్పి, మళ్ళీ తోయాలి. లోపల గాలి బుడగ ఒక్కటి మిగిలినా సారె మీద చేతికి రాయిలా తగులుతుంది. ముద్ద మధ్యకు రావడానికి బలం అక్కరలేదు, మోచేయి కదలకపోతే చాలు. మోచేయిని తొడకో నడుముకో ఆనించి, ఊపిరి బిగబట్టకుండా కూర్చోవాలి. నాకు అది తొమ్మిదో రోజున పట్టుబడింది. పదో రోజున మళ్ళీ పోయింది. పన్నెండో రోజున వచ్చి, అప్పటినుంచి ఉంది.

ఈ లెక్క ఎందుకు చెప్పానంటే, మీరు వెళ్ళేది పది రోజులకు. ఏమీ రాకుండా వెళితే, సరిగ్గా ముద్ద మాట వినడం మొదలుపెట్టే రోజున మీరు పెట్టె సర్దుకోవలసి వస్తుంది. ఆ మొదటి తొమ్మిది రోజులూ ఇక్కడే ఎక్కడైనా గడిపి వెళ్ళండి. ఎక్కడికి వెళ్ళాలన్నది ఆ తర్వాతి మాట.

పలమనేరు సారె (పలమనేరు) · జనవరి 13

రెండు రోజులుగా చదువుతున్నాను. రాయకూడదనుకున్నాను, ఉండబట్టలేదు.

మాది పలమనేరు దగ్గర ఊరు. మా తాత, మా నాన్న, మా అన్న అందరిదీ ఇదే పని. బెంగళూరు రోడ్డు మీద పోయే ప్రతి కారూ మా గుర్రం బొమ్మల దగ్గర ఆగుతుంది, బేరం ఆడుతుంది, పోతుంది. ఇది ఎలా చేస్తారమ్మా అని అడిగినవాళ్ళను వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. నేర్పుతారా అని అడిగినవాళ్ళు నాకు గుర్తున్నంతలో ముగ్గురు. ఇక్కడ చూస్తే హనోయి, జపాన్, హిమాచల్. తిరుపతి నుంచి మా ఊరికి బస్సులో మూడు గంటలు. మా చెరువు మట్టి ఏం పాపం చేసింది?

అమ్మా, మీ మీద కోపం కాదు. మీరు ఆ పెద్దాయన ముందు కూర్చున్నారు, ఆ క్షణం మీకు గుర్తుంది, అది చాలు నాకు. బాధ మా వాళ్ళ మీద కూడా ఉంది. ఇంకో మాట ఎవరూ రాయరు కాబట్టి నేను రాస్తాను. మా ఇంట్లో ఆడవాళ్ళు సారె ముట్టకూడదు. మట్టి మోసేది, రాళ్ళు ఏరేది, ఇసుక కలిపి కాళ్ళతో తొక్కేది, కుండ అడుగు తట్టేది, ఎర్రమట్టి పూసేది, నునుపు రాయితో రుద్దేది, సంతకు మోసేది మేమే. సారె మాత్రం మగవాళ్ళది. మా అమ్మ నలభై ఏళ్ళు కుండలు తట్టింది, సారె మీద చేయి వేయలేదు. కరెంటు సారె వచ్చాక నేను కూర్చున్నాను. మా నాన్న మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు వచ్చి, ముద్ద పెద్దదైంది, సగం చెయ్యి అన్నాడు.

థాన్ హాలో ఇద్దరు ఆడవాళ్ళు సారె నడుపుతారని అలిపిరి మెట్లు గారు రాసింది నిన్నటినుంచి పదిసార్లు చదివాను.

సువర్ణముఖి (తిరుపతి) · జనవరి 13

పలమనేరు సారె గారూ, మీ మాట చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. నేను బెంగళూరు వెళ్ళినప్పుడల్లా ఆ గుర్రాలను బస్సు కిటికీలోంచి చూశాను. దిగి అడగాలని ఒక్కసారి కూడా తోచలేదు. క్షమించండి.

మీకు అభ్యంతరం లేకపోతే నేను మీ దగ్గరికి వస్తాను. ఊరికే నేర్పమని అడగను, మీ రోజు కూలి ఎంతో అంతకు తక్కువ కాకుండా ఇస్తాను. ఆదివారాలు, రెండో శనివారాలు నావి. ఏం తెచ్చుకోవాలి?

పలమనేరు సారె (పలమనేరు) · జనవరి 14

గోళ్ళు కత్తిరించుకుని రండి. పాత చీర ఒకటి తెచ్చుకోండి. బెంగళూరు బస్సు ఎక్కి పలమనేరులో దిగండి, అక్కడికి మా అన్న వస్తాడు. పండుగ వెళ్ళాక రండి. ఇప్పుడు పొంగలి కుండల బేరంలో ఊపిరి తీసుకోవడానికి లేదు.

మామిడితోట (చిత్తూరు) · జనవరి 16

నాకు మట్టి పని రాదు, వయసూ లేదు, కానీ ఈ చర్చ చూసి ఆనందం పట్టలేక రాస్తున్నాను. తిరుపతిలో ఉండి మట్టి నేర్చుకుంటానన్న అమ్మాయికి ఒక కథ గుర్తుచేయాలి.

తొండమాన్ చక్రవర్తి రోజూ స్వామికి బంగారు పూలు సమర్పించేవాడట. తెల్లారి చూస్తే ఆ పూల స్థానంలో మట్టి పూలు కనిపించేవట. ఎవరివి అని అడిగితే స్వామి ఒక కుమ్మరి పేరు చెప్పాడు. అతడి పేరు భీముడు, కొందరు కురువ నంబి అంటారు. పగలంతా కుండలు చేసుకుంటూ, చేతికి అంటిన మట్టితోనే పూవు చేసి, కూర్చున్న చోటినుంచే సమర్పించేవాడు. నేటికీ శ్రీవారికి పెరుగన్నం నైవేద్యం పెట్టేది మట్టి ఓడులో. ఓడు అంటే కొత్త కుండను పగలగొట్టిన సగం పెంకు. గర్భగుడి గడప అయిన కులశేఖర పడి దాటి లోపలికి వెళ్ళే ప్రసాదం అదొక్కటే అంటారు. బంగారు వాకిలి దాటుకుని వెళ్ళేది ఒక పెంకు ముక్క! చిన్నప్పుడు మా నాయనమ్మ ఈ కథ చెప్పి, సంతలో కుండ కొనేటప్పుడు బేరం ఆడనిచ్చేది కాదు.

పెళ్ళిళ్ళలో ఐరేని కుండలు కూడా అంతే. మేళతాళాలతో కుమ్మరి ఇంటికి వెళ్ళి, బట్టలు పెట్టి, కుండలు తెచ్చుకునేవాళ్ళం. ఇప్పుడు కల్యాణమండపం వాళ్ళే రంగు వేసిన ప్లాస్టిక్ కుండలు పెడుతున్నారు. మొన్న మా మనవరాలి పెళ్ళికి నేను పట్టుబట్టి నిజమైనవి తెప్పించాను.

కపిలతీర్థం (తిరుపతి) · ఫిబ్రవరి 2

రసాయనశాస్త్రం చెప్పేవాణ్ణి కాబట్టి నాకు తెలిసింది కాస్త చేరుస్తాను, సువర్ణముఖి గారికి పనికి వస్తుంది.

ఆరిన కుండలో నీరు లేదని అనుకుంటాం. ఉంటుంది. కంటికి కనిపించే తడి ఆరిపోయినా, మట్టి రేణువుల నిర్మాణంలోనే కలిసిపోయిన నీరు దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ దాటాక గాని బయటికి రాదు. అది పోయాక మట్టి ఇక మళ్ళీ నీళ్ళలో కరగదు. అందుకే సగం కాలిన కుండను తడిపితే విడిపోతుంది, సరిగ్గా కాలినది విడిపోదు. మరొక మలుపు 573 డిగ్రీల దగ్గర ఉంది. మట్టిలోని ఇసుక, అంటే క్వార్ట్జ్, అక్కడ ఒక్కసారిగా కొంచెం ఉబ్బుతుంది, చల్లారేటప్పుడు అదే చోట కుంచించుకుంటుంది. ఆవం, అంటే కుండలు కాల్చే బట్టీ, తొందరగా తెరిస్తే టప్‌మని పగిలే చప్పుడు అందుకే వస్తుంది. మన ఎర్రమట్టి కుండలు సుమారు 800 నుంచి 1000 డిగ్రీల మధ్య కాలుతాయి. పుదుచ్చేరి స్టూడియోల్లో చేసే గట్టి గ్లేజు పాత్రలకు 1200 దాటాలి. రెండూ మట్టే అయినా నేర్చుకోవలసిన పని వేరు, పొయ్యి వేరు. ఎక్కడికి వెళ్ళాలో తేల్చుకునేముందు ఏది నేర్చుకోవాలో తేల్చుకోండి.

సువర్ణముఖి (తిరుపతి) · ఫిబ్రవరి 23

నాలుగుసార్లు పలమనేరు వెళ్ళి వచ్చాను. వివరంగా రాయమని అలిపిరి మెట్లు గారు అడిగారు.

మొదటి రోజు సారె చూపించనే లేదు. పెరట్లో చెరువు మట్టి గుట్టగా ఉంది. దాన్ని పగలగొట్టి, నానబెట్టి, జల్లించి, సన్నటి ఇసుక కలిపి, కాళ్ళతో తొక్కాలి. మధ్యలో మొదలుపెట్టి మడమతో చుట్లు చుట్లుగా బయటికి వెళ్ళాలి, మళ్ళీ మధ్యకు రావాలి. పలమనేరు సారె గారి అమ్మగారు పక్కన కూర్చుని చూస్తున్నారు. నేను ఎక్కడ వదిలేశానో ఆవిడకు చూడకుండానే తెలుస్తుంది, కాలి చప్పుడును బట్టి. గంటన్నర తొక్కాక, వేలితో గిల్లి చూసి, చాలు అన్నారు. ఇసుక ఎందుకని అడిగితే ఆవిడ చెప్పిన జవాబు, "మట్టికి ఊపిరాడాలి కదమ్మా." కపిలతీర్థం గారు రాసినది అప్పుడు గుర్తొచ్చింది. నీరు బయటికి వెళ్ళడానికి దారి ఉండాలి.

రెండో ఆదివారం, మూడో ఆదివారం సారె. నల్లకుండ గారూ, మీ మోచేయి మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మూడో వారం సాయంత్రం ఒక ముద్ద నిలిచింది. పక్కన ఎవరి చేతులూ లేవు. శిల్పారామంలో పోగొట్టుకున్నది అదే. లేచి బయటికి వెళ్ళి కాసేపు వేపచెట్టు కింద నిలబడ్డాను.

నాకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది నాలుగోసారి చూసిన పని. కుండ మొత్తం సారె మీదే తయారవుతుందని ఇన్నాళ్ళూ అనుకున్నాను. సారె మీద తీసేది మూతి, మెడ, భుజం మాత్రమే. గోడ మందంగా, అడుగు లేకుండా ఉంటుంది. దారంతో కోసి నీడలో పెడతారు. వేలు నొక్కితే ముద్ర పడి, చేతికి అంటకుండా ఉన్న సమయంలో అమ్మగారు దాన్ని ఒళ్ళోకి తీసుకుంటారు. ఎడమచేతిలో గుండ్రటి రాయి, కుండ లోపల. కుడిచేతిలో చెక్క, బయట. రాయి ఎక్కడ ఉంటే చెక్క అక్కడ పడాలి, మధ్యలో మట్టి నలిగి పలచబడుతూ కిందికి జరుగుతుంది. ఒక్కొక్క దెబ్బకు కుండ కొద్దిగా తిరుగుతుంది. మొదట చప్పుడు మొద్దుగా ఉంటుంది. గోడ పలచబడేకొద్దీ స్వరం పైకి వెళుతుంది. అడుగున ఉన్న రంధ్రం రూపాయి బిళ్ళంత అయి, పావలా అంత అయి, మూసుకుపోయింది. ఎక్కడ మూసుకుందో వెతికితే కనిపించలేదు. ఇరవై నిమిషాలు పట్టింది. నలభై ఏళ్ళుగా ఆవిడ ఇది చేస్తున్నారు, కుండ చేసింది ఎవరు అంటే మాత్రం ఊళ్ళో అందరూ ఆ ఇంటి పెద్దాయన పేరే చెబుతారు.

నేను తట్టిన కుండ మూడుచోట్ల చిల్లుపడింది. చెక్క పడినచోట రాయి లేదు. వచ్చే వారం మళ్ళీ.

నల్లకుండ (చిత్తూరు) · ఫిబ్రవరి 24

నేను ఆండ్రెట్టాలో మూడు నెలలున్నా ఈ తట్టే పని నేర్చుకోలేదు. అక్కడ పాత్రలన్నీ సారె మీదే పూర్తవుతాయి, అడుగు బల్లపరుపుగా ఉంటుంది. మన కుండకు గుండ్రటి అడుగు ఎందుకో ఆలోచించండి. మూలలు లేవు కాబట్టి మంట వేడి అంతటా సమంగా పాకుతుంది, పగలదు. మూడు రాళ్ళ పొయ్యి మీద ఒదిగి కూర్చుంటుంది. సంగటి కెలికేటప్పుడు తెడ్డుకు అందని మూల ఉండదు. పలమనేరు సారె గారూ, నన్ను కూడా రానిస్తారా?

పాకాల జంక్షన్ (ప్రస్తుతం జపాన్) · మార్చి 1

మాది పాకాల. ఉద్యోగం కోసం జపాన్‌లో ఉంటున్నాను. ఈ దేశం గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. టోక్యోకు ఉత్తరాన వంద కిలోమీటర్ల దూరంలో మషికో అనే ఊరు ఉంది. హమదా షోజి అనే గొప్ప కుమ్మరి అక్కడ స్థిరపడి రోజువారీ వాడుక పాత్రలకే జీవితం ఇచ్చాడు. 1955లో జపాన్ ప్రభుత్వం ఆయనను సజీవ జాతీయ నిధిగా గుర్తించింది. కుమ్మరిని జాతీయ నిధి అన్నారు, ఆ మాట విన్నప్పుడు నాకు మా ఊరి సంతలో ఎండలో కూర్చునే ముసలాయన గుర్తొచ్చాడు. అక్కడ నేర్పే చోట్లు చాలా ఉన్నాయి, ఓపికగా నేర్పుతారు. బిజెన్ అనే ఇంకో ఊళ్ళో గ్లేజు లేకుండా కట్టెల మంటతో పది రోజులకు పైగా ఆగకుండా కాలుస్తారు. ఒక జాగ్రత్త: ఇక్కడ సారె గడియారపు ముల్లు తిరిగే వైపు తిరుగుతుంది. మీరు రెండో వైపు అలవాటు పడితే చేతులు మార్చుకోవాలి.

లక్షన్నరలో పది రోజులు జపాన్ కష్టం. ఈసారికి వద్దు.

కాణిపాకం దారి (చిత్తూరు) · మార్చి 1

పుదుచ్చేరి గురించి కూడా ఒక మాట. రే మీకర్, డెబొరా స్మిత్ 1971లో మొదలుపెట్టిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీ వల్ల ఆ చుట్టుపక్కల, ఆరోవిల్‌లో, ఎందరో స్టూడియోలు పెట్టుకున్నారు. కొన్నిచోట్ల వారం, రెండు వారాల తరగతులు ఉంటాయి. తిరుపతి నుంచి నేరుగా రైలు ఉంది. గ్లేజు నేర్చుకోవాలంటే దానికి మించిన దగ్గరి చోటు లేదు.

సువర్ణముఖి (తిరుపతి) · మార్చి 22

నిర్ణయం తీసుకున్నాను. గ్లేజు నాకు ఇప్పుడు వద్దు. నా చేయి ఎర్రమట్టి దగ్గర ఉంది, ఇంకోచోట ఎర్రమట్టిని ఎలా పట్టుకుంటారో చూడాలి. అందుకని థాన్ హా. యాత్రల సంస్థ లేదు. అలిపిరి మెట్లు గారు తాము కూర్చున్న ఇంటివాళ్ళ ఫోను నంబరు ఇచ్చారు, అనువాదం చేసే ఫోను సాయంతో ఆ ఇంటి అమ్మాయితో మాట్లాడాను. ఎనిమిది రోజులు, ఉదయం నాలుగు గంటలు, సాయంత్రం రెండు గంటలు, నేను ఒక్కదాన్నే. కాణిపాకం దారి గారి మూడు ప్రశ్నలూ అడిగాను, మూడింటికీ తిన్నగా చెప్పారు. వీసా ఆన్‌లైన్‌లోనే వచ్చింది. చెన్నై నుంచి విమానం, మధ్యలో ఒకచోట మారి దా నాంగ్‌లో దిగాలి.

వెళ్ళేముందు పలమనేరు అమ్మగారు తన గుండ్రటి రాళ్ళలో ఒకటి నా చేతిలో పెట్టి, వాళ్ళకు చూపించు అన్నారు.

సువర్ణముఖి (హోయ్ ఆన్) · మే 9

ఆరో రోజు. రాత్రి పది దాటింది, అయినా రాయాలి.

నాకు నేర్పే ఆవిడకు అరవై దాటి ఉంటాయి. వాళ్ళ కోడలు సారె తోస్తుంది. కోడలు ఒక చేత్తో గోడను పట్టుకుని ఒక కాలి మీద నిలబడి, రెండో కాలితో సారె అంచును తనవైపు లాగుతుంది. వేగం పెంచమని, తగ్గించమని ఎవరూ చెప్పరు. అత్తగారి భుజం కదలికను చూసి కోడలి కాలు తగ్గుతుంది. మూతి తీసేటప్పుడు సారె దాదాపు ఆగిపోతున్నట్టు వెళుతుంది. కరెంటు సారెకు ఈ చూపు లేదు. మొదటి రెండు రోజులు నా ముద్ద ఒరిగినప్పుడల్లా కోడలు తన కాలిని ఆపేసింది. మూడో రోజు నుంచి ఆపడం లేదు. నేను సరిచేసుకుంటానని ఆమెకు నమ్మకం కుదిరింది కాబోలు.

నిన్న మధ్యాహ్నం భోజనం అయ్యాక సంచిలోంచి రాయి తీసి చూపించాను. పెద్దావిడ దాన్ని అరచేతిలో పెట్టుకుని బరువు చూశారు. నేను తీసిన మెడ ఒకటి నీడలో ఆరుతోంది. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, ఒక చెక్క ముక్క అడిగి తీసుకుని, తట్టడం మొదలుపెట్టాను. పలమనేరులో చిల్లులు పడిన చేతులే. ఈసారి రాయి ఉన్నచోటే చెక్క పడింది. చప్పుడు మారడం మొదలైనప్పుడు ఆవిడ దగ్గరికి జరిగి చెవి పెట్టి విన్నారు. అడుగు మూసుకోవడానికి నాకు గంట పట్టింది, సొట్టలు కనిపిస్తున్నాయి. ఇరుగుపొరుగు ఆరుగురు వచ్చి నిలబడ్డారు. మా మధ్య ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. అడుగు మూసుకున్నాక ఆవిడ కుండను తిప్పి తిప్పి చూసి, రాయి ఎవరిదని సైగ చేశారు. ఫోనులో అమ్మగారి ఫోటో చూపించాను. ఫోటోలో ఆవిడ చేతులను వేళ్ళతో పెద్దవి చేసి చూశారు. ముఖాన్ని చూడలేదు, చేతులనే చాలాసేపు చూశారు.

పలమనేరు సారె (పలమనేరు) · మే 10

అమ్మకు చదివి వినిపించాను. రెండుసార్లు చదవమంది. తర్వాత లేచి వెళ్ళి మట్టి తొక్కింది. ఈ వయసులో వద్దంటే వినలేదు.

మా నాన్న అడిగిన ప్రశ్న ఇది: ఆ సారె దేనితో చేశారు, కింద ఇరుసు ఎలా ఉంది, ఫోటో తీసి పంపగలరా?

సువర్ణముఖి (తిరుపతి) · మే 18

ఇరుసు ఫోటోలు పెద్దాయనకు పంపాను. తిరిగి వచ్చేసరికి ఊళ్ళో గంగమ్మ జాతర ముగిసింది. మా పక్కింటి అవ్వ నాకోసం అమ్మవారి విశ్వరూపం మట్టి చిటికెడు కాగితంలో చుట్టి దాచింది. జాతర చివర మట్టితో చేసిన అమ్మవారి చెంపను తొలగించి ఆ మట్టిని పంచుతారని చిన్నప్పటినుంచి తెలుసు. ఈసారి ఆ చిటికెడును వేళ్ళ మధ్య నలిపి చూశాను. ఎంత మెత్తగా జల్లించారో.

థాన్ హాలో కాలిన వాటిలో రెండే తెచ్చుకున్నాను, ఒక చిన్న గిన్నె, ఆ తట్టిన కుండ. కుండను చీరల మధ్య చుట్టి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను. పగలలేదు.

మామిడితోట (చిత్తూరు) · మే 18

అమ్మాయీ, ఆ కుండలో నీళ్ళు పోసే ముందు ఒక రాత్రి నానబెట్టు. వంటకు వాడేటట్టయితే గంజి పోసి సన్నటి సెగ మీద కాచు, చల్లారాక పారబోయి. మూడు రోజులు అలా చేస్తే రంధ్రాలు పూడుకుంటాయి.

పలమనేరు సారె (పలమనేరు) · జూన్ 1

మా నాన్న, అన్న కలిసి కాలితో తోసే సారె ఒకటి చేశారు. మర్రి చెక్క దొరకలేదు, చింత చెక్కతో చేశారు. ఇరుసు లారీ బేరింగు. నిన్న సాయంత్రం నేను తోశాను, అమ్మ కూర్చుంది. నలభై ఏళ్ళు తట్టిన చేతులు కదా, మొదటి ముద్దే నిలిచింది. చిన్న చట్టి తీసింది. నాన్న వాకిట్లో నిలబడి చూసి, లోపలికి వెళ్ళి దారం తెచ్చి ఇచ్చాడు.

ఈ శనివారం రాత్రి ఆవం అంటిస్తున్నాం. అమ్మ చట్టి, సువర్ణముఖి గారు మే నెలకు ముందు చేసి వెళ్ళిన ఏడు కుండలు, నల్లకుండ గారి మూకుళ్ళు అన్నీ పేర్చాం. సోమవారం పొద్దున తెరుస్తాం, అంతకుముందు ఎవరు అడిగినా తెరవం. రావాలనుకునేవాళ్ళు ఏడింటికల్లా బస్టాండుకు చేరండి. టిఫిను మా ఇంట్లోనే.

నల్లకుండ (చిత్తూరు) · జూన్ 1

చిత్తూరు నుంచి నేను కారులో వస్తున్నాను, ముగ్గురికి చోటుంది. మామిడితోట గారూ, మిమ్మల్ని ఇంటి దగ్గరే ఎక్కించుకుంటాను.

మామిడితోట (చిత్తూరు) · జూన్ 1

అయిదింటికే తయారుగా ఉంటాను. తోటలో బంగినపల్లి దిగింది, ఒక గంప తెస్తాను.